పోకర్ నేర్చుకుందాం – 5వ పాఠం: జంపఖానా మీద నలుగురే ఉన్నప్పుడు

పోయిన పాఠంలో తొమ్మిది మంది కూర్చున్న ఆటలో ఏ ముక్కలతో దిగాలో, ఏవి పడేయాలో చూశాం. ఆ పట్టిక మీకు ఈపాటికి నోటికి వచ్చి ఉంటుంది. ఇవాళ దాన్ని పక్కన పెట్టండి. మన నల్లగొండ ఇండ్లల్లో తొమ్మిది మంది ఒక్కచోట చేరేది ఏ పండుగకో, పెండ్లికో. మామూలు రోజున రాత్రి అన్నం తిని జంపఖానా పరిస్తే ముగ్గురో నలుగురో కూర్చుంటారు. ముక్కలు అవే, నియమాలు అవే. కానీ ఆ నలుగురి ఆట వేరే ఆట.

ఒక మాట ప్రతి పాఠంలోనూ చెప్తున్నాను, ఇందులోనూ చెప్తాను. పైసలు పెట్టి ఆడకండి. తెలంగాణలో జూదం చట్టం కింద అది నేరం. 2017లో చేసిన సవరణతో ఫోన్లలో ఆడే పందెపు ఆటలు కూడా ఆ చట్టం కిందికి వచ్చాయి. మేం చింతగింజలతో ఆడతాం. మనిషికి 100 గింజలు. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టేవి బ్లైండ్లు: చిన్న బ్లైండ్ 1, పెద్ద బ్లైండ్ 2. పంచే చోటు ఎవరిదో చూపే డీలర్ బటన్‌కు బదులు పచ్చీసు గవ్వ ఒకటి ఒకరి ముందు నుంచి ఇంకొకరి ముందుకు జరుగుతుంది. ఈ పాఠంలో 'గవ్వ' అంటే బటన్ అనే అనుకోండి.

ఈ తేడా నాకు తెలిసింది పానగల్లులో మా బావ ఇంట్లో. వాన పడుతోంది, కరెంటు లేదు, ఛార్జింగ్ లైటు మధ్యలో పెట్టుకుని నలుగురం కూర్చున్నాం: నేను, బావ, చిన్నాయిన, మా చెల్లె. నేను తొమ్మిది మంది పట్టిక పట్టుకుని కూర్చున్నాను. మంచి ముక్కలు వస్తేనే దిగుదాం అని ఆట వెనక ఆట పడేస్తూ పోయాను. చివరికి జాకీల జోడీ వచ్చింది. అప్పటికి నా ముందు 72 గింజలే మిగిలాయి. 6 పెట్టాను. ముగ్గురూ ఒకరి వెంట ఒకరు ముక్కలు పడేశారు. నాకు దక్కినవి బ్లైండ్ల 3 గింజలు. బావ అప్పుడన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "నువ్వు దిగినవంటే చేతిల సరుకు ఉన్నట్టే బామ్మర్దీ. మేమెందుకు దిగుతం?"

ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. మీరూ వేయండి, పెన్ను తీసుకోండి.

గవ్వ ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి మనిషీ 3 గింజలు బ్లైండ్ కట్టాలి. తొమ్మిది మంది ఉంటే ఆ 3 గింజలకు తొమ్మిది ఆటలు చూడొచ్చు. నలుగురుంటే నాలుగే. ముగ్గురుంటే ఆటకొక గింజ పోతుంది. ఇక పెద్ద ముక్కలు ఎంత అరుదుగా వస్తాయో చూడండి. చేతికి వచ్చే రెండు ముక్కల కలయికలు మొత్తం 1326. అందులో ఆసు, రాజు, రాణి, జాకీ జోడీలు, వాటితో పాటు ఆసు-రాజు కలిపి 40. అంటే సుమారు 33 ఆటలకు ఒకసారి. తొమ్మిది మందిలో అన్ని ఆటలు ఆగితే 11 గింజలు ఖర్చు. నలుగురిలో అదే ఎదురుచూపుకు దాదాపు 25. పావు వంతు గింజలు కూర్చున్నందుకే పోతాయి. పైగా మీరు కదలగానే అందరూ లేచిపోతారు, నా జాకీలకు జరిగినట్టు.

కాబట్టి దిగాలి. ఏ ముక్కలతో?

ఆసుతో మొదలుపెడదాం. మీ చేతిలో ఒక ఆసు ఉందనుకోండి. తొమ్మిది మంది ఆటలో మిగతా ఎనిమిది మందిలో ఎవరో ఒకరి దగ్గర ఇంకో ఆసు ఉండే అవకాశం దాదాపు 70 శాతం. అందుకే అక్కడ ఆసు-5 లాంటిది పట్టుకుని దిగితే ఎదుటి ఆసు పక్కన మన 5 కన్నా పెద్ద ముక్క ఉండి దెబ్బ తింటాం. నలుగురి ఆటలో అదే అవకాశం 32 శాతానికి పడిపోతుంది. ముగ్గురిలో 23. అదే ఆసు, అదే 5, కానీ విలువ మారిపోయింది. రాజుకూ రాణికీ ఇదే వరస. మనుషులు తగ్గేకొద్దీ పెద్ద ముక్క ఒక్కటి ఉన్నా బలమే. దీనికి తిరగబడే సంగతి ఒకటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. రెండూ ఇస్పేటే అయిన 6-5 లాంటివి నలుగురిలో కొంత విలువ పోగొట్టుకుంటాయి. వాటికి కలర్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) పడ్డప్పుడు ముగ్గురు నలుగురు గింజలు కట్టి ఉంటేనే గిట్టుబాటు. ఎదురుగా ఒక్కడే ఉంటే పడ్డా వచ్చేది కొంచెమే.

గవ్వ మీ ముందు ఉన్నప్పుడు మొదట్లో ఇలా దిగండి: ఏ జోడీ అయినా, ఆసుతో ఏ ముక్క అయినా, రాజుతో 8 నుంచి పైకి, రాణితో 9 నుంచి పైకి, జాకీతో 9, 10. ఇవన్నీ కలిపితే 1326లో 430, మూడింట ఒక ఆట. అలవాటయ్యాక ఇంకా పెంచుకోవచ్చు. మొదట మాట్లాడే చోటులో ఉంటే బలహీనమైన ఆసులు, రాజు-8, జాకీ-9 లాంటివి తీసేయండి. ఎక్కడున్నా దిగితే మాత్రం పెంచి దిగండి. ఊరికే 2 గింజలు కట్టి తొంగిచూడటం నలుగురి ఆటలో చెడ్డ అలవాటు. మధ్యలో అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలను పెద్ద బ్లైండ్ వాడికి ఉచితంగా చూపించినట్టు అవుతుంది.

చోటు గురించి రెండు మాటలు. సాగర్ ఎడమ కాలువ కింద చివరి పొలానికి నీళ్లు ఆఖరున అందుతాయి, ఒక్కోసారి అందవు. పేకలో మాత్రం ఆఖరున ఉన్నవాడిదే పైచేయి. మిగతావాళ్లు ఏం చేశారో చూసి మరీ నిర్ణయం తీసుకుంటాడు. నలుగురిలో ఆ చోటు నాలుగు ఆటలకొకసారి వస్తుంది. దాన్ని వృథా చేయకండి.

ఇప్పుడు ఒక ఆట దగ్గరగా చూద్దాం. గవ్వ నా ముందుంది. నా చేతిలో ఇస్పేటు రాజు, కళావరు 9. చెల్లె పడేసింది. నేను 5 పెట్టాను. ఇక్కడ లెక్క: 5 ఒడ్డి 3 కోసం చూస్తున్నాను. ఎనిమిదిసార్లలో ఐదుసార్లు ఇద్దరూ పడేస్తే ముక్కలు చూడకుండానే సరిసమానం. వాళ్లు పడేయకపోయినా నా రాజు నాకు ఉంది కాబట్టి అంతకన్నా తక్కువసార్లు పడేసినా నష్టం లేదు. బావ చిన్న బ్లైండ్‌లో పడేశాడు. పెద్ద బ్లైండ్‌లో ఉన్న చిన్నాయిన ఇంకో 3 కట్టాడు. మధ్యలో 11 గింజలు.

మూడు ముక్కలు తెరిచాం: ఆఠీను రాణి, కళావరు 7, డైమన్ 2. నాకేం తగల్లేదు. చిన్నాయిన "చెక్" (గింజలు పెట్టకుండా మాట నాకు వదలడం) అన్నాడు. అని, తన రెండు ముక్కల అంచులు బొటనవేలితో లేపి మళ్లీ చూసుకున్నాడు. ఆయన బత్తాయి తోటలో కాయ చూసి బరువు చెప్పే మనిషి. జోడీ పడితే ఒక్కసారి చూసి మళ్లీ ముట్టడు, అది నేను చాలా రాత్రులు గమనించాను. మళ్లీ చూసుకున్నాడంటే పడలేదు. నేను 4 పెట్టాను. 11 కోసం 4, అంటే నాలుగింట ఒకసారి కన్నా కొంచెం ఎక్కువ ఆయన పడేస్తే చాలు. జోడీ కాని రెండు ముక్కలకు మొదటి మూడింట్లో ఒక్క జోడీ కూడా తగలకపోవడం మూడింట రెండుసార్లు జరిగేదే. కాసేపు జంపఖానా అంచు సవరించి, "తీస్కో బిడ్డా" అని ముక్కలు పడేశాడు.

ఇదే ఎత్తు బావ మీద వేస్తే పోతుంది. బావ ఏ చిన్న జోడీ ఉన్నా చివరి దాకా కట్టే మనిషి. అలాంటివాళ్ల దగ్గర ఉత్తి చేతితో బెదిరించడం పూర్తిగా మానేయండి. నిజంగా జోడీ పడ్డప్పుడు 4 కాదు, 8 పెట్టండి, కడతారు. నలుగురి ఆటలో ఒక్కో మనిషితో ఎన్నోసార్లు ఒంటరిగా తలపడతాం కాబట్టి ఎవరు ఎలాంటివాళ్లో తెలుసుకోవడం పట్టిక కన్నా ఎక్కువ పనికొస్తుంది. నా మట్టుకు నేను ముక్కలు పంచుతున్నప్పుడు నావి చూసుకోను. మిగతావాళ్లు తమవి చూసుకునేటప్పుడు వాళ్ల మొహాలు చూస్తాను, ఆ తర్వాతే నావి తీస్తాను.

మీరు పెద్ద బ్లైండ్‌లో ఉండి గవ్వ వాడు 5 పెడితే తొందరపడి పడేయకండి. మధ్యలో 8 ఉన్నాయి, మీరు కట్టాల్సింది 3. పదకొండింట మూడుసార్లు గెలిస్తే సరిపోతుంది. రాణి-8, 9-8 లాంటివి నిలబడతాయి. 9-2 నిలబడదు. చిన్న బ్లైండ్‌లో మాత్రం ఊరికే కట్టొద్దు. తెరిచిన ముక్కల మీద ప్రతిసారీ ముందుగా మాట్లాడాల్సిన చోటు అది. బలముంటే 15 దాకా పెంచండి, లేదంటే పడేయండి.

ఇద్దరే మిగిలితే ఒక నియమం తప్పు పోతుంటారు. గవ్వ ఉన్నవాడే చిన్న బ్లైండ్ కట్టాలి. ముక్కలు తెరవకముందు అతనే మొదట మాట్లాడతాడు, తెరిచాక ఆఖరున మాట్లాడతాడు. ఇద్దరి ఆట వచ్చే పాఠంలో.

అప్పటిదాకా పని ఇది. నలుగురు కూర్చుని 40 ఆటలు ఆడండి. మనిషికి 10 చుట్లు, 30 గింజల బ్లైండ్లు. ఒక నోట్‌బుక్‌లో మూడు గీతలు గీసి, గవ్వ మీ ముందున్న 10 ఆటల్లో ఎన్నిసార్లు దిగారు, ఎన్నిసార్లు ముక్కలు తెరవకుండానే గెలిచారు, ఎవరు కట్టారు అన్నవి రాసుకోండి. నాలుగో గీత పక్కవాళ్ల కోసం: ముక్కలు మళ్లీ చూసుకున్నప్పుడు చివరికి వాళ్ల దగ్గర ఏం తేలిందో రాయండి. వచ్చే పాఠానికి ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని కూర్చోండి.