పొట్టంగి చలికి పగిలిన రాగి గొట్టం

మాది కొరాపుట్ జిల్లా పొట్టంగి. ఒడిశాలోనే ఎత్తయిన దేవమాలి కొండ, 1,672 మీటర్లు, మాకు దగ్గరే. గత జనవరిలో ఒక తెల్లవారుజామున పెరట్లో గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంది. ఎండెక్కాక డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పలక నుంచి నీళ్లు ధార కట్టాయి. అద్దం తీసి చూస్తే లోపలి రాగి గొట్టం ఒకచోట ఉబ్బి, గోరు దిగేంత చీలింది. ప్రాణం ఉసూరుమంది.

రాత్రి థర్మామీటరు 2 డిగ్రీలు చూపింది. మరి నీళ్లెలా గడ్డకట్టాయి? సాలూరులో ప్లంబింగ్ చేసే మా బావ వివరించాడు: మబ్బు లేని రాత్రి పలక తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. నీరు గడ్డకడితే పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. రాగి ఎంతని ఓర్చుకుంటుంది!

గొట్టానికి అతుకు వేయించి, ట్యాంకుకూ పలకకూ మధ్య రెండు వాల్వులు, పలక అడుగున ఇంకొకటి పెట్టించాను. చలి రాత్రుల్లో పై రెండూ మూసి పలకను ఖాళీ చేస్తాను. పై కొసన గాలి దూరే దారి తెరవకపోతే నీళ్లు పూర్తిగా దిగవు, ఇది ముఖ్యం. పొద్దున ఎండ తగలక ముందే నింపాలి. కాగిన పలకలోకి చన్నీళ్లు వదిలితే అతుకులు దెబ్బతింటాయి.

బయటి గొట్టాలకు నల్ల స్పాంజి తొడుగులు, ఎండకు పొడికాకుండా పైన అల్యూమినియం టేపు. గోనెసంచి మాత్రం చుట్టకండి. మంచుకు తడిసిందంటే చలిని ఆపలేదు.