సర్వాంగాసనం మొదలుపెట్టే ముందు మెడను చూసుకోండి

సర్వాంగాసనం అంటే భుజాల మీద ఆని ఒంటిని, కాళ్లను నిటారుగా పైకెత్తడం. ఇలా కాళ్లు గుండె కంటే ఎత్తుకు వెళ్తే రక్తం సులువుగా గుండెకు చేరుతుంది. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు పాదాల వాపు, పిక్కల బరువు తగ్గేది అందుకే. మెడ దగ్గర రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగినట్టు తెలియగానే శరీరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, మనసు కాస్త కుదుటపడుతుంది. దీనికోసం తలకిందులుగా నిలబడక్కర్లేదు. గోడకు కాళ్లు ఆనించి వెల్లకిలా ఐదు నిమిషాలు పడుకున్నా ఈ లాభం చాలావరకు దక్కుతుంది. కొత్తవాళ్లు కొన్ని వారాలు ఇదొక్కటే చేస్తే మంచిది.

నీటికాసులు, రెటీనా జబ్బు ఉన్నవాళ్లు తలకిందుల ఆసనాల జోలికి పోవద్దు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. బీపీ అదుపులో లేకపోయినా, మెడ డిస్కు సమస్య ఉన్నా, ఎముకలు గుల్లబారినా వద్దు. గర్భిణులు కొత్తగా మొదలుపెట్టకూడదు. సర్వాంగాసనంతో థైరాయిడ్ నయమవుతుందనే మాట నమ్మి మాత్రలు మానేయడం అన్నిటికంటే ప్రమాదం.

భోజనమయ్యాక నాలుగు గంటలు ఆగాలి, లేదంటే పుల్లటి తేన్పులు గొంతులోకి వస్తాయి.

ఇక అసలు సంగతి మెడ. చదునైన నేల మీద సర్వాంగాసనం వేస్తే గడ్డం ఛాతీకి నొక్కుకుని మెడ దాని హద్దు దాకా వంగుతుంది, పైగా ఒంటి బరువు దాని మీదే పడుతుంది. అందుకే మూడు గట్టి దుప్పట్లను సమంగా మడిచి ఒకదానిపై ఒకటి పేర్చండి. భుజాలు దుప్పట్ల మీద, అంచుకు రెండు వేళ్లు లోపలగా ఉండాలి. తల మాత్రం నేల మీద. మెత్తటి పరుపు పనికిరాదు, భుజాలు దిగబడిపోతాయి.

మోకాళ్లు మడిచి నెమ్మదిగా లేవండి, కాళ్లు విసరొద్దు. చేతులు వీపుకు ఆనించినప్పుడు మోచేతులు భుజాల వెడల్పు దాటి విడిపోతే బరువు మళ్లీ మెడకే చేరుతుంది. అవి జారిపోతుంటే ముందే పైచేతులకు బెల్టు వేసుకోండి. పైన ఉండగా తల పక్కకు తిప్పకూడదు, ఎవరు పిలిచినా సరే. గుటక వేయడం కష్టమైనా, చేతుల్లో తిమ్మిరి వచ్చినా, కంట్లో బిగువు అనిపించినా వెంటనే దిగండి.

మొదట 30 సెకన్లు చాలు. వారానికి పది పదిహేను సెకన్ల చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. దిగేటప్పుడు మోకాళ్లు ముఖం వైపు మడిచి, చేతుల ఆసరాతో వీపును కొద్దికొద్దిగా నేలకు దించాలి. తల ఎత్తొద్దు. ఒక నిమిషం అలాగే పడుకుని, పక్కకు ఒత్తిగిలి లేవండి. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.