పాశ్చాత్య గీతాన్ని వినడం నేర్చుకుందాం – 4: బారిటోన్ పక్కన పియానో

గత పాఠం చివర మీకు ఒక పని అప్పగించాను. జర్మన్ కవి గేటే కవితకు ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1815లో కట్టిన ‘ఎర్ల్‌క్యోనిగ్’ గీతాన్ని విని, ఒకే గాయకుడు పాడే ఆ పాటలో ఎందరు మాట్లాడుతున్నారో గుర్తుపట్టమన్నాను. కథకుడు, కొడుకుతో గుర్రం మీద ఇంటికి పోతున్న తండ్రి, ఆ కొడుకు, ఆ పిల్లవాణ్ణి ఊరించి పిలిచే మాయరాజు, మొత్తం నలుగురు. మీలో చాలామంది గొంతులోని మార్పును బట్టి ఈ జవాబు రాసుకుని ఉంటారు. అది తప్పు కాదు కాని, సగమే. ఈసారి గొంతు మీద ధ్యాస తగ్గించి అదే పాట వినండి. గుర్రపు డెక్కల్లా మోగుతున్న పియానో, మాయరాజు పలకరించగానే మెత్తబడి ఊయల ఊపినట్లు సాగుతుంది. పిల్లవాడు భయంతో కేక పెట్టగానే డెక్కల చప్పుడు మళ్ళీ మీద పడుతుంది. చివర గుర్రం ఇల్లు చేరిన చోట ఆ చప్పుడు ఆగిపోతుంది, ఆ నిశ్శబ్దంలోనే పిల్లవాడు చనిపోయాడన్న మాట వినిపిస్తుంది. ఈ పాఠంలో మనం అలవరచుకోవలసిన నేర్పు ఇదే: గాత్రాన్ని వింటూనే పియానోను విడిగా వినగలగడం. అందుకు ఇద్దరు కళాకారుల వృత్తిజీవితాలను ఆసరాగా తీసుకుందాం.

ముందుగా ఒక అలవాటును సరిచేసుకోవాలి. ఆకాశవాణిలో ‘వయొలిన్ సహకారం’, ‘మృదంగ సహకారం’ అని వింటూ పెరిగిన మనకు, గాయకుడి పక్కన కూర్చున్న ప్రతి వాద్యకారుడూ సహకారం అందించేవాడే అనిపిస్తుంది. మన కచేరీలో గాయకుడు ఆలాపన చేస్తుంటే వయొలిన్ విద్వాంసుడు ఆ క్షణంలోనే అందుకుని అనుసరిస్తాడు. అక్కడ ముందుగా రాసిపెట్టినది ఏమీ ఉండదు. జర్మన్ భాషలో ‘లీడ్’ అనే ఈ గీతప్రక్రియలో అలా కాదు. గాయకుడి వరుసను రాసిన స్వరకర్తే పియానో వాయించవలసిన ప్రతి స్వరాన్నీ అంతే శ్రద్ధగా రాశాడు. కవితలోని మాటలు గొంతుకు దక్కితే, ఆ మాటలు చెప్పకుండా విడిచినవి పియానోకు దక్కాయి. అందువల్ల పియానోను నేపథ్యంగా వినేవారు పాటలో సగాన్ని వదులుకుంటున్నట్లే.

ఈ మాటను తన జీవితమంతా వాయించి నిరూపించినవాడు జెరాల్డ్ మూర్. ఆయన 1899లో ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్‌లో పుట్టాడు. కుటుంబం కెనడాకు వలస వెళ్ళడంతో టొరంటోలో చదువుకున్నాడు, అక్కడే మూకీ సినిమాల ముందు కూర్చుని వాయించాడు, తర్వాత ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు. తనను గాడిలో పెట్టినవాడు జాన్ కోట్స్ అనే టెనర్ గాయకుడని ఆయనే చెప్పుకున్నాడు. పియానో భాగాన్ని పైపైన వాయించి సరిపెట్టుకోనివ్వకుండా, ప్రతి మాట అర్థం తెలుసుకుని వాయించమని కోట్స్ పట్టుబట్టాడట. ఆ రోజుల్లో కచేరీ ప్రకటనల్లో పియానో వాద్యకారుడి పేరు చిన్న అక్షరాల్లో ఎక్కడో అడుగున పడి ఉండేది. మూర్ వాయించడమే కాక, తన పని ఏమిటో ప్రజలకు వివరిస్తూ ప్రసంగాలు చేశాడు, పుస్తకాలు రాశాడు. 1962లో వెలువడిన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరుకు తెలుగులో అర్థం ‘నా వాయింపు మరీ గట్టిగా ఉందా?’ అని. గాయకుడి పక్కన కూర్చున్న పియానో వాద్యకారుడు రోజూ వేసుకోవలసిన ప్రశ్న అది.

రెండవ వ్యక్తి డీట్రిచ్ ఫిషర్-డీస్కావ్. 1925లో బెర్లిన్‌లో పుట్టిన బారిటోన్. పురుష గాత్రాల్లో పై స్థాయికి చెందినది టెనర్, అడుగున ఉన్నది బాస్, రెండింటి నడిమి గొంతు బారిటోన్ అని రెండో పాఠంలో చెప్పుకున్నాం. షూబర్ట్ 1827లో రాసిన ఇరవై నాలుగు పాటల ‘వింటర్‌రైజ’ (శీతకాలపు ప్రయాణం) మాలికను ఆయన మొదటిసారి సభలో పాడింది 1943లో, పదిహేడేళ్ళ వయసులో. వైమానిక దాడి వల్ల ఆ కచేరీ మధ్యలో ఆగి, ఆ తర్వాత కొనసాగింది. ఆ ఏడాదే సైన్యంలోకి లాగారు. 1945లో ఇటలీలో అమెరికన్ సేనలకు బందీగా చిక్కి, రెండేళ్ళ పాటు శిబిరాల్లో తోటి బందీలకు పాడి వినిపించాడు. తిరిగి వచ్చాక 1948 ఆరంభంలో బెర్లిన్ రేడియోలో అదే మాలికను రికార్డు చేశాడు. ఆ రికార్డింగులో ఇరవై రెండేళ్ళ గొంతు వినిపిస్తుంది, కాని అందులోని దుఃఖం ఆ వయసుది కాదనిపిస్తుంది నాకు.

ఇద్దరూ 1951లో లండన్‌లో రికార్డింగు కోసం కలిశారు. గాయకుడికి ఇరవై ఆరు, వాద్యకారుడికి యాభై రెండు. ఇక్కడ మనవాళ్ళకు సులువుగా తెలిసే ఒక సాంకేతిక విషయం ఉంది. షూబర్ట్ ‘వింటర్‌రైజ’ మాలికలో చాలా పాటలు టెనర్ గొంతుకు సరిపోయే ఎత్తులో రాశాడు. బారిటోన్ పాడాలంటే శ్రుతి దించాలి. మన గాయకుడు శ్రుతి మార్చుకుంటే తంబూర సవరించుకుంటే చాలు. ఇక్కడ పియానో భాగమంతా కిందికి జరగాలి. పియానో అడుగు స్వరాలు సహజంగానే బరువైనవి, అవి ఇంకా కిందికి దిగితే ముద్దగా వినిపించి గొంతును కప్పేస్తాయి. కాబట్టి బారిటోన్ పక్కన వాయించేవారు ఎడమచేతిని మరింత తేలికగా ఉంచి, ప్రతి స్వరమూ విడివిడిగా తెలిసేలా వాయించాలి. మూర్ రికార్డింగుల్లో ఎడమచేతిని మాత్రమే పట్టుకుని వినండి. ఎంత లోతున వాయించినా ఒక్క స్వరమూ బురదగా ఉండదు.

ఇప్పుడు అసలు అభ్యాసం. ‘వింటర్‌రైజ’లోని మొదటి పాట ‘గూటె నాఖ్ట్’ (శుభరాత్రి) తీసుకోండి. ప్రేమ విఫలమైన యువకుడు రాత్రివేళ ఆ ఊరు విడిచి నడిచిపోతున్నాడు. నాలుగు చరణాలు, సుమారు అయిదారు నిమిషాలు. మొదటిసారి అర్థం దగ్గర పెట్టుకుని వినండి. రెండోసారి గొంతును వదిలేసి, పియానోలో ఒకే నడకలో పడుతున్న దెబ్బలను వేలితో బల్ల మీద వేస్తూ వినండి. అవే అతని అడుగులు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట కూడా ఆ అడుగులు ఆగవని మీ వేలికి తెలుస్తుంది.

మూడోసారి వినేటప్పుడు నాలుగో చరణం కోసం కాచుకోండి. అంతవరకు మూడు చరణాలు మైనర్ మేళంలో నడిచాయి. మన పరిభాషలో చెప్పాలంటే ఆ వరుస సాధారణ గాంధారం మీద మొదలై మెట్లు దిగుతూ వస్తుంది. నాలుగో చరణం ముందు, గొంతు ఇంకా మొదలు కాకముందే, పియానోలో ఆ గాంధారం అర్ధస్వరం పైకి జరిగి అంతర గాంధారం అవుతుంది. మారినది ఆ ఒక్క అర్ధస్వరమే అనిపిస్తుంది కాని, చలిరాత్రిలో ఎక్కడో దీపం వెలిగినట్లు ఉంటుంది. ఆ తర్వాతే గాయకుడు, నీ కలకు భంగం కలిగించను, నీ నిద్ర చెడిపోకూడదు, అని అందుకుంటాడు. కోపమంతా కరిగిపోయిందని ముందుగా చెప్పింది పియానో. పాట చివరి మాటల్లో మళ్ళీ సాధారణ గాంధారం తిరిగి వచ్చి దీపం ఆరిపోతుంది. ఈ ఒక్క చోటును మీకై మీరు పట్టుకోగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్లే. పట్టుబడకపోతే కీబోర్డు మీదనో హార్మోనియం మీదనో రెండు గాంధారాలను పక్కపక్కనే పదిసార్లు వాయించుకుని, తిరిగి పాటకు రండి. నాకు ఈ మార్పు చెవికి తగలడానికి చాలా రోజులే పట్టింది. పాడేవారి వెంట మాత్రమే పరుగెత్తడం వల్ల వచ్చిన ఆలస్యం అది.

నాలుగో మెట్టు పోలిక. ఫిషర్-డీస్కావ్, మూర్ కలిసి ఈ మాలికను 1955లో, 1962లో, 1971లో స్టూడియోలో రికార్డు చేశారు. ఇవి కాక ఫిషర్-డీస్కావ్ వేరే పియానో వాద్యకారులతో కూడా, 1965లో యోర్గ్ డెముస్‌తోను, 1985లో ఆల్ఫ్రెడ్ బ్రెండల్‌తోను చేశాడు. ముందు మూర్‌తో చేసిన మూడింటిలో ఏవైనా రెండింటిని, తర్వాత బ్రెండల్‌తో చేసినదాన్ని, మొదటి పాట వరకే వినండి. గాయకుడు ఒకడే; అడుగుల బరువు, చరణాల మధ్య నిలిచే క్షణం, నాలుగో చరణం ముందరి ఆ వెలుతురు ఎలా మారుతున్నాయో నోటుపుస్తకంలో మీ సొంత మాటల్లో రాసుకోండి. ఏది మేలని తేల్చవలసిన పని లేదు.

మూర్ 1967 ఫిబ్రవరి 20న లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాలులో కచేరీ వేదికకు వీడ్కోలు పలికాడు. ఫిషర్-డీస్కావ్‌తో పాటు ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్, విక్టోరియా దె లోస్ ఆంజెలెస్ ఆ సాయంత్రం ఆయన పక్కన పాడారు. అంతా అయ్యాక ఆయన ఒంటరిగా వేదిక మీదికి వచ్చి, షూబర్ట్ గీతం ‘ఆన్ డీ ముజీక్’ (సంగీతానికి) పియానో మీద మాత్రమే వాయించాడు. సంగీతానికి కృతజ్ఞత చెప్పే పాట అది. జీవితమంతా ఒకరి పక్కన వాయించినవాడు, ఆ రోజు పక్కన ఎవరూ లేకుండా, రెండు భాగాలనూ తానే పలికించాడు. ఈ రికార్డింగు దొరికితే తప్పక వినండి. మూర్ వేదిక విడిచాక కూడా ఆయన, ఫిషర్-డీస్కావ్ స్టూడియోలో కొన్నేళ్ళు కలిసి పనిచేసి, షూబర్ట్ పాటలు నాలుగు వందలకు పైగా రికార్డు చేశారు. ఫిషర్-డీస్కావ్ 1992 చివరి వరకు పాడి, తర్వాత శిష్యులకు బోధించాడు, 2012లో మరణించాడు.

వచ్చే పాఠానికి పని: ఈ మాలికలోని చివరి పాట ‘డేర్ లయర్‌మన్’. ఊరి చివర మంచులో చెప్పులు లేకుండా నిలబడి, చక్రం తిప్పి వాయించే వాద్యంతో ఒక ముసలివాడు ఉంటాడు. అతణ్ణి ఎవరూ వినరు, పళ్ళెంలో ఒక్క కాసు పడదు. పియానో ఎడమచేయి మొదటి నుంచి చివరి దాకా షడ్జ పంచమాలను మాత్రమే పట్టుకుని ఉంటుంది. తంబూర విన్న చెవికి అది వెంటనే తెలుస్తుంది, కాని ఇక్కడ అది నిండుగా ఉండదు, ఖాళీగా ఉంటుంది. గొంతు పాడేటప్పుడు కుడిచేయి ఎక్కువగా మౌనంగా ఉంటుంది, గొంతు ఆగాక బదులు పలుకుతుంది. ఎవరు ఎప్పుడు మాట్లాడుతున్నారో రెండు నిలువు వరుసలుగా రాయండి. ఆఖరి పంక్తిలో ఆ బాటసారి ముసలివాణ్ణి, నేను నీతో రానా, నా పాటలకు నీ వాద్యం వాయిస్తావా, అని అడుగుతాడు. ఆ ప్రశ్న తర్వాత గాయకుడికి ఇక మాటలు లేవు. పియానోలో ఒక్కసారి ఉబికి, మెల్లగా అణగిపోయే ఆ కొన్ని స్వరాలు మీకు ఏ జవాబుగా వినిపించాయో రాసి ఉంచుకోండి. అక్కడి నుంచే అయిదో పాఠం మొదలుపెడదాం.