స్కోప్ క్లిప్పు ఎక్కడ పెడుతున్నారు?

వినాయక చవితి దగ్గర పడిందంటే మాలాంటి షాపుల్లో బెంచీ నిండా కారు ఆంప్లిఫయర్లే. ఏడాదంతా మూలన పడి ఉన్న సెట్టు కూడా ఈ పది రోజుల్లో మోగాల్సిందే. పోయిన వారం తెలిసినవాళ్ల షాపులో ఈ హడావిడిలోనే ఓ కుర్రాడి వేళ్లు కాలాయి. స్కోపుకి (వోల్టేజీ ఎలా మారుతోందో తెర మీద గీసి చూపించేది) రెండు ప్రోబులు, ఒక్కోదానికి కొలిచే మొన, గ్రౌండు క్లిప్పు ఉంటాయి. మొదటి ప్రోబు క్లిప్పు బ్యాటరీ నెగెటివ్ మీద సరిగ్గానే పెట్టాడు. రెండో ప్రోబు క్లిప్పుని, పట్టుకోవడానికి వీలుగా ఉందని, మాస్‌ఫెట్ (కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టరు) ట్యాబ్‌కి, అంటే దాని వెనక లోహపు రేకుకి తగిలించాడు. లారీ బ్యాటరీ, మధ్యలో ఫ్యూజు కూడా లేదు. క్లిప్పు వైరు తొడుగు కరిగి చేతికి అంటుకుంది. "బ్యాటరీయే కదన్నా, ఎర్త్ ఎక్కడుంది?" అంటాడు పాపం.

ఎర్త్ సంగతి తర్వాత. మామూలు బెంచి స్కోపులో రెండు క్లిప్పులూ లోపల ఒకటే. ఒకటి నెగెటివ్ మీద ఉండగా రెండోది ఇంకోచోట పెట్టారంటే, ఆ రెండు చోట్లనీ మీరే వైరు వేసి కలిపేశారు. ఐఆర్‌ఎఫ్ 3205 మాస్‌ఫెట్‌లో ట్యాబ్ అంటే డ్రెయిన్, కరెంటు లోపలికి వచ్చే కాలు. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లో లావు రాగితీగ కొన్ని చుట్లు దాటితే బ్యాటరీ ప్లస్. అంటే ప్లస్‌నీ నెగెటివ్‌నీ క్లిప్పు వైరుతో షార్ట్ చేసినట్టే.

బ్యాటరీ బదులు కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌తో (పవర్ సప్లయ్ డబ్బా) టెస్ట్ చేసేవాళ్లకి ఒక్క క్లిప్పు చాలు కొంప ముంచడానికి. దాని నెగెటివ్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది, స్కోపు క్లిప్పూ అంతే. దీనికి విరుగుడుగా ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లని చూశాను. అప్పుడు క్లిప్పు తగిలిన చోటి వోల్టేజీ స్కోపు బాడీ మీదికి వస్తుంది. ఆ పని చెయ్యకండి. ల్యాప్‌టాప్‌కి తగిలించే యూఎస్‌బీ స్కోపు అయితే షార్ట్ కరెంటు ల్యాప్‌టాప్‌లోంచి పోవచ్చు, బోర్డు ఖరీదు మీకే తెలుసు.

రెండు గ్రౌండు కాని పాయింట్ల మధ్య చూడాలంటే క్లిప్పులు రెండూ నెగెటివ్ మీదే ఉంచి, రెండు మొనలతో తాకి, స్కోపు మ్యాథ్ మెనూలో ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్యండి.

పవర్ ఇచ్చేటప్పుడు ప్లస్ వైరులో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు సిరీస్‌లో పెట్టండి. కెపాసిటర్లు నిండేదాకా ఓసారి వెలిగి ఆరితే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్. ఆ కుర్రాడి బెంచీ మీద ఈ బల్బుంటే, క్లిప్పు తప్పుగా పెట్టినా బల్బు వెలిగి ఊరుకునేది.

పోయిన మాస్‌ఫెట్లు తీసేశాక, కొత్తవి వెయ్యకముందే డ్రైవ్, అంటే వాటి గేట్లకి (ఆన్-ఆఫ్ చేసే కాళ్లు) వచ్చే సిగ్నల్ చూడాలి. ఆ సిగ్నల్ పుట్టించే ఐసీ టీఎల్ 494 అయితే 12వ పిన్నుకి సప్లయ్, 14 మీద 5 వోల్టులు, 5 మీద రంపపు పళ్ల లాంటి వేవ్. ఆ తర్వాత గేటు ప్యాడ్ల మీద ఒకటి మార్చి ఒకటి స్క్వేర్ వేవ్ రావాలి. అంచులు వాలిపోయినా, ఒక వైపు రాకపోయినా గేటు రెసిస్టర్లు, డ్రైవర్ ట్రాన్సిస్టర్లు చూడండి. ఇది చూడకుండా వేసిన కొత్త సెట్టు పాతదాని దారే పడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ అవతలి సెకండరీ వైపు వెళ్లేటప్పుడు ప్రైమరీ (బ్యాటరీ వైపు) మీది క్లిప్పులు రెండూ తీసి, ప్లస్, మైనస్ సప్లయ్ రెయిల్ కెపాసిటర్లు కలిసే మధ్య పాయింట్‌కి మార్చండి. స్పీకర్ మైనస్ గ్రౌండే అనుకోవద్దు, చాలా క్లాస్-డీ (స్విచ్చింగ్ తరహా) సెట్లలో కాదు. బ్రిడ్జ్ అయ్యే (రెండు ఛానెళ్లూ కలిపి ఒకే స్పీకర్‌కి ఇవ్వగలిగే) స్టీరియోలో ఒక ఛానెల్‌కి ప్లస్సే గ్రౌండు కావచ్చు. +60, −60 ఉన్న సెట్టులో రెండు చివరల మధ్య 120 వోల్టులు. కారు ఆంప్ అంటే 12 వోల్టులే అనుకున్నవాడి చెయ్యి అక్కడే జిల్లుమంటుంది.

ప్రోబు స్విచ్చు 10ఎక్స్‌లో (సిగ్నల్‌ని పదో వంతు చేసేది) ఉంచండి. మాస్‌ఫెట్లు, ట్రాన్సిస్టర్లు హీట్ సింక్‌కి బిగించకుండా ఒక్క సెకను కూడా పవర్ ఇవ్వొద్దు. వాటికీ హీట్ సింక్‌కీ మధ్య ఉండే మైకా చిరిగితే మార్చండి. మాస్‌ఫెట్ ఒకటి పోతే బ్యాంకు (కలిసి పనిచేసే వరుస) మొత్తం మార్చండి. కెపాసిటర్లని స్క్రూడ్రైవర్‌తో కాదు, 100 ఓమ్స్ వైర్‌వౌండ్ రెసిస్టరుతో డిశ్చార్జ్ చెయ్యండి. ఉంగరం, చైను తీసెయ్యండి. పవర్ ఉండగా క్లిప్పు జరపొద్దు. కట్ చెయ్యండి, జరపండి, మళ్లీ ఇవ్వండి. రెండో క్లిప్పు అక్కర్లేకపోతే ప్రోబు నుంచి ఊడబీకి డ్రాయర్లో పడెయ్యండి. వేలాడే క్లిప్పు ఎక్కడో ఒకచోట తగులుతుంది. "సాయంత్రానికి కావాలన్నా" అని కస్టమర్ నెత్తిమీద నిలబడితే రేపు రమ్మనండి.