మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే: వానాకాలంలో కీళ్లవాతం ఉన్న ఇళ్లకు జాగ్రత్తలు

మొన్న మా మందుల షాపుకు నాలుగు వీధుల అవతల ఉండే ఒకావిడ ఐసీయూ దాకా వెళ్లొచ్చారు. అరవై దాటిన మనిషి, ఏళ్ల తరబడి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. నోటి నిండా పుండ్లు పడి మంచినీళ్లు కూడా మింగలేకపోయారు. ఇంట్లోవాళ్లు వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగించారు, బీ కాంప్లెక్స్ వేశారు. తర్వాత జ్వరం. సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయిస్తే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోయి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఈ రోజుల్లో జ్వరానికి ప్లేట్‌లెట్లు తగ్గాయంటే ఎవరి నోటైనా వచ్చే మాట డెంగీ. బొప్పాయి ఆకు రసం కూడా మొదలైపోయింది. చివరికి ఆస్పత్రిలో ఒక డ్యూటీ డాక్టర్ మందుల సంచి మొత్తం మంచం మీద కుమ్మరించి చూస్తే అసలు సంగతి బయటపడింది. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను ఆవిడ రోజూ వేసుకుంటున్నారు.

ఆవిడ కోలుకున్నారు. ఇదే పొరపాటుతో కోలుకోనివాళ్లూ ఉన్నారు. అందుకే కడుపులో తిప్పడం, నీరసం లాంటి మామూలు ఇబ్బందుల జోలికి పోకుండా, మనుషుల్ని మంచాన పడేసే ఈ ఒక్క తప్పు గురించే ఎక్కువ చెప్తాను.

తప్పు ఎక్కడ జరుగుతుంది

ముందొక మాట. ఈ మందు చెడ్డది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందుల కోవలోది. మొదట క్యాన్సర్‌కు వాడారు. కీళ్లవాతానికి చాలా తక్కువ మోతాదు చాలు, సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. వేళ్లు వంకర్లు పోకుండా ఎంతోమందిని కాపాడుతున్న మందు ఇది. భయపడి మీ అంతట మీరు మానేయకండి.

కానీ మన ఇళ్లలో మాత్ర అంటే రోజూ వేసుకునేదే. బీపీది రోజూ, షుగర్‌ది రోజూ, థైరాయిడ్‌ది రోజూ. వాటి మధ్య వారానికి ఒక్కసారి వేసుకునేది ఇదొక్కటే. అమ్మ ఊరి నుంచి కొడుకు ఇంటికి వస్తుంది, కోడలు చీటీ చూసి మందుల డబ్బా సర్దుతుంది, ఈ మాత్ర కూడా ఏడు గదుల్లోకీ వెళ్లిపోతుంది. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయినప్పుడు, ఊరు మారినప్పుడు, మందులు ఇచ్చే మనిషి మారినప్పుడు ఈ పొరపాటు ఎక్కువ.

ఇంకోటి. దీనితో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. ఒకదాని పేరు ఫోలిట్రాక్స్, ఇంకోదాని పేరు ఫోల్వైట్. మొదటిది మెథోట్రెక్సేట్, రెండోది దాని దుష్ఫలితాలు తగ్గించే విటమిన్. రెండూ చిన్న మాత్రలే, పేర్లు రెండూ ఒకేలా మొదలవుతాయి. కళ్లద్దాలు లేకుండా స్ట్రిప్ తీసే పెద్దవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది? విటమిన్ అనుకుని రోజూ మెథోట్రెక్సేట్ మింగినవాళ్లున్నారు. ఈ రెండు స్ట్రిప్‌లు ఒకే కవర్లో ఉండకూడదు.

నొప్పి ఎక్కువైందని ఇంకో మాత్ర వేసుకోవడం కూడా ఇదే తప్పు. ఇది నొప్పి మాత్ర కాదు, పని మొదలుపెట్టడానికే వారాలు పడుతుంది. వారానికి ఒక్కసారే.

రోజు ఒకటి ఖాయం చేసుకోండి. గురువారం సాయిబాబా గుడికి వెళ్లే అలవాటుంటే గురువారమే పెట్టుకోండి, మరిచిపోరు. స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో 'గురువారం మాత్రమే' అని పెద్దగా రాయండి. వేసుకున్నాక క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టండి. వారానికి ఒక మాత్ర అయితే పది మాత్రల స్ట్రిప్ పది వారాలు రావాలి. పక్షం తిరక్కుండా మళ్లీ షాపుకు వెళ్లాల్సి వచ్చిందంటే ఎక్కడో తప్పు జరుగుతోందన్నమాట.

నోరు ముందే చెప్తుంది

ఈ మందు ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకుంటుంది. ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టే చోట్ల దెబ్బ ముందు తగులుతుంది. నోటి లోపలి పొర, పేగులు, ఎముక మజ్జ అలాంటివే. మజ్జ దెబ్బతింటే తెల్లకణాలు తగ్గి చిన్న ఇన్ఫెక్షన్ కూడా ముదురుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గి రక్తం కారుతుంది. నోట్లో పుండ్లు చాలామందిలో దీనికి ముందస్తు హెచ్చరిక. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి నోరు పూస్తే వేడి చేసిందని సరిపెట్టుకోవద్దు. ముందు స్ట్రిప్ తీసి మాత్రలు లెక్కపెట్టండి, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి సీబీపీ చేయించండి.

మరో అరుదైన దుష్ఫలితం ఊపిరితిత్తుల వాపు. కఫం లేని పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, జ్వరం. సరైన మోతాదులో వాడుతున్నవాళ్లకు కూడా రావచ్చు. ముసురు దగ్గులే అని సిరప్‌తో కాలక్షేపం చేయకండి.

ఈ సీజన్‌లో

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గుతుంది. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. నీరు తగ్గితే మందు లోపలే పేరుకుంటుంది, సరైన మోతాదే విషంలా పనిచేస్తుంది. విరేచనాలున్నా, గట్టి జ్వరమున్నా ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌ను అడగండి. జ్వరానికి బస్తీ దవాఖానాకు వెళ్లినా, కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్లినా నోట్లోంచి మొదట రావాల్సిన మాట 'నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను' అని. డెంగీ కూడా నిజంగానే ఉండొచ్చు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టర్, ఆయనకు ఈ ముక్క తెలియాలి.

ఇక వరుసగా చెప్తున్నాను, రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

సెప్ట్రాన్ లాంటి కోట్రైమాక్సజోల్ మాత్రలు ముట్టుకోవద్దు. మూత్రంలో మంటకు, విరేచనాలకు అడగ్గానే ఇచ్చేసే మందు అది. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే మజ్జను పడగొడుతుంది.

షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనొద్దు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు అసలే వద్దు.

మద్యం తాగొద్దు. కాలేయం మీద రెండు వైపుల నుంచీ దెబ్బ.

సీబీపీ, ఎల్ఎఫ్‌టీ (కాలేయానిది), క్రియాటినిన్ (కిడ్నీలది) పరీక్షలు డాక్టర్ చెప్పిన తేదీకే. బాగానే ఉన్నానుగా అని వాయిదా వేయొద్దు.

గర్భిణులు వాడకూడదు. పిల్లల్ని కనాలనుకుంటే నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడండి.

ఒక వారం మరిచిపోతే 2 రోజుల్లోపు వేసుకోవచ్చు. దాటిపోతే ఆ వారానికి వదిలేయండి. రెండు వారాలవి కలిపి వేసుకోవద్దు.

ఏడు గదుల డబ్బాలో ఈ మాత్ర వేయొద్దు. విడిగా పెట్టండి. చదవగలిగిన ఒక్కరే చేతికివ్వాలి. వారానికి ఒక్కసారే.

వరుసగా రోజూ వేసుకున్నారని తెలిసిందా, ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆగొద్దు. మందు ఆపాక కూడా కణాలు పడిపోతూనే ఉంటాయి. దీనికి విరుగుడు ఉంది, లుకోవోరిన్. ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు దాని బదులు పనికిరావు. తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి, ఖాళీ స్ట్రిప్‌లు కూడా వెంట తీసుకెళ్లండి. ఎన్ని మాత్రలు లోపలికి పోయాయో అక్కడ మొదట అడిగేది అదే.