రెడ్ స్కేర్ పుస్తకాలు: పిల్లలకు ఎలా ఎంచాలి, ఎలా చదివించాలి

కమ్యూనిస్టులన్న అనుమానం మీద అమెరికాలో మనుషుల్ని వెంటాడిన 'రెడ్ స్కేర్' రోజుల గురించి పిల్లలకు పుస్తకం ఇవ్వబోతున్నారా? కథ కన్నా ముందు చివరి పేజీలు తిప్పండి. రచయిత మాట, తేదీల పట్టిక ఉన్నాయా? నవల అయినా సరే, ఏది జరిగిందో ఏది కల్పనో అక్కడ విడదీసి చెప్పి ఉండాలి.

తర్వాత కమ్యూనిస్టుల వేటకు పేరుపడ్డ జోసెఫ్ మెకార్థీ పేరున్న పేజీ చూడండి. హాలీవుడ్ వాళ్ళను 1947లో పిలిపించి ప్రశ్నించింది ప్రతినిధుల సభ కమిటీ. మెకార్థీ సెనేటర్, ఆ కమిటీలో ఆయన లేనే లేడు. ఆయన పేరు మోగింది 1950 ఫిబ్రవరిలో, విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారని వీలింగ్ అనే ఊళ్ళో చేసిన ప్రసంగంతో. ఈ రెండింటినీ కలగలిపిన పుస్తకం వద్దు. అది చదివిన పిల్లలు ఒక్క చెడ్డవాడు వచ్చాడు, 1954లో సెనేట్ 67-22 ఓట్లతో ఖండించింది, పీడ విరగడైంది అనుకుంటారు. ప్రభుత్వోద్యోగుల విధేయతను తనిఖీ చేయాలని అధ్యక్షుడు ట్రూమన్ 1947 మార్చిలోనే ఉత్తర్వు ఇచ్చాడు. భయానికి యంత్రాంగం అంతకుముందే సిద్ధమైంది.

ఇంకో పరీక్ష, గూఢచారులది. 'గూఢచారులే లేరు, అంతా భ్రమ' అనే పుస్తకమూ తప్పుదారి పట్టిస్తుంది. అమెరికా విప్పి చదివి 1995లో బయటపెట్టిన సోవియట్ రహస్య సందేశాలు, 'వెనోనా' పేరున్నవి, జూలియస్ రోజెన్‌బర్గ్ సోవియట్లకు పనిచేశాడని చూపాయి. ఆయనతోపాటు 1953 జూన్ 19న మరణశిక్ష అమలైన భార్య ఎథెల్ పాత్ర మీద వాదన ఇంకా సాగుతూనే ఉంది. అయితే ఒకడు గూఢచారి అయినంతమాత్రాన ఏదో అర్జీ మీద సంతకం పెట్టిన టీచరు గూఢచారి అయిపోదు. మంచి పుస్తకం ఈ రెండు మాటలూ చెబుతుంది.

పది, పన్నెండేళ్ళ వాళ్ళకు ఎలెన్ లెవీన్ రాసిన 'క్యాచ్ ఎ టైగర్ బై ది టో' సరిపోతుంది. 1953 బ్రాంక్స్‌లో, అమ్మానాన్నలు కమ్యూనిస్టులన్న సంగతి దాచుకునే పిల్ల కథ అది. పద్నాలుగు దాటితే మలిండా లో రాసిన 'లాస్ట్ నైట్ ఎట్ ది టెలిగ్రాఫ్ క్లబ్' ఇవ్వండి. 1954 శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఇద్దరమ్మాయిల ప్రేమ, నాన్నను దేశం నుంచి పంపేస్తారన్న బెంగ అందులో ఒకే ఇంట్లో ఉంటాయి. స్వలింగ ప్రేమికులను కూడా అప్పట్లో ప్రభుత్వోద్యోగాల నుంచి తీసేశారని ముందే చెప్పి ఇవ్వండి, లేకపోతే రెండు భయాలకూ ఉన్న ముడి అందదు. ఆర్థర్ మిల్లర్ నాటకం 'ది క్రూసిబుల్' మాత్రం మొదటి పుస్తకంగా వద్దు. అది కమ్యూనిస్టుల వేటకు పోలికగా, అమెరికాలోని సేలంలో 1692లో జరిగిన మంత్రగత్తెల విచారణల మీద నడుస్తుంది. మంత్రగత్తెలు లేరు, కమ్యూనిస్టులు నిజంగానే ఉన్నారు. ఈ తేడా తెలియకుండా చదివితే పోలిక తలకిందులవుతుంది.

చదివేటప్పుడు విచారణ ఘట్టం రాగానే ఆగండి. ఒక కాగితం మధ్యలో కమిటీ అడిగిన ప్రశ్న రాయించండి: 'మీరిప్పుడు గానీ, ఎప్పుడైనా గానీ కమ్యూనిస్టు పార్టీ సభ్యులా?' దాని చుట్టూ నాలుగు గీతలు. అవునంటే, ఇంకా ఎవరెవరున్నారో చెప్పమంటారు. కాదంటే, మీరు సభ్యులేనని ఎవడో ఒకడు చెప్పిన రోజున అబద్ధపు సాక్ష్యం కేసు. వాక్‌స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగ మొదటి సవరణ కింద జవాబివ్వనంటే ధిక్కారం కేసు; 'హాలీవుడ్ టెన్' అనే పదిమంది సినిమావాళ్ళు జైలుకు వెళ్ళింది ఇందుకే. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే ఐదో సవరణ చాటుకు వెళ్తే జైలు తప్పుతుంది, ఉద్యోగం పోతుంది. అచ్చం అడకత్తెరలో పోకచెక్క. 'నా సంగతి చెబుతాను, పక్కవాళ్ళ పేర్లు చెప్పను' అంటే కుదరదా అని పిల్లలు తప్పక అడుగుతారు. కుదరదు. తన సంగతి ఒప్పుకున్నాక పేర్ల దగ్గర ఐదో సవరణ పనిచేయదని సుప్రీంకోర్టు 1951లో తేల్చింది. చాలామంది మొదటి ప్రశ్నకే నోరు మూసుకున్నది అందుకే. పుస్తకంలోని పాత్ర ఏ గీత పట్టుకుందో, దాని వల్ల ఇంట్లో ఎవరికి ఏం పోయిందో అక్కడే రాయించండి.

మరీ చిన్నవాళ్ళయితే ఇదంతా వద్దు, ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచే రాబిన్‌హుడ్‌తో మొదలుపెట్టండి. 1953లో ఇండియానా పాఠ్యపుస్తకాల కమిషన్ సభ్యురాలు ఒకామె ఆ కథ కమ్యూనిజం నేర్పుతోందని, బడుల నుంచి తీసేయాలని అడిగింది. దానికి జవాబుగా ఇండియానా యూనివర్సిటీ విద్యార్థులు రాబిన్‌హుడ్ గుర్తుగా కోడి ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి పంచిపెట్టారు. మీ పుస్తకాల్లో రాబిన్‌హుడ్ కథ ఉంటే తెరిచి, ఆమెను అంత భయపెట్టిన వాక్యం ఏదై ఉంటుందో వాళ్ళనే వెతకమనండి.