యాంజియో నార్మల్, అయినా ఛాతీ నొప్పి: ఏం చెయ్యాలి

యాంజియోగ్రామ్‌లో (మందు ఎక్కించి గుండె రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే పరీక్ష) స్పష్టంగా కనిపించేవి గుండె పైన పరుచుకున్న పెద్ద ధమనులే. 0.5 మిల్లీమీటర్ల కంటే సన్నని నాళాలు కనబడవు, కానీ కండరానికి ఎంత రక్తం వెళ్లాలో ప్రధానంగా నిర్ణయించేవి అవే. మెట్లెక్కేటప్పుడు అవి విప్పారి ప్రవాహాన్ని 3, 4 రెట్లు పెంచాలి. బిగుసుకున్నా, పూడుకున్నా ఆ పెంపు 2 రెట్లు కూడా దాటకపోవచ్చు. అప్పుడు యాంజియో నార్మల్‌గా ఉన్నా, కండరానికి రక్తం చాలక నొప్పి రావచ్చు. ముందుగా దెబ్బతినేది కండరం లోపలి పొర. గుండె ముడుచుకున్నప్పుడు అక్కడి నాళాలు నొక్కుకుపోతాయి, సడలినప్పుడే రక్తం అందుతుంది. గుండె వేగం పెరిగితే ఆ సడలే సమయమే తగ్గిపోతుంది.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లు పెద్దాసుపత్రికి బరంపురమో విశాఖో చేరేసరికి నొప్పి తగ్గిపోవచ్చు. తగ్గాక తీసిన ఈసీజీ మామూలుగా రావచ్చు. అందుకే నొప్పి ఉండగానే దగ్గరి ఆసుపత్రిలో తీయించి, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పరీక్ష మొదటిసారి నార్మల్ వచ్చినా 3 నుంచి 6 గంటలకు మళ్లీ చేయించాలి. కండరం దెబ్బతిన్నాక అది రక్తంలో పెరగడానికి సమయం పడుతుంది.

కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే గ్యాసని సోడా తాగుతూ ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, యాంజియో బాగుందన్న మాటతో మందులు మానకూడదు. చిన్న నాళాల ప్రవాహాన్ని కొలిచే పరీక్ష లేదా గుండె ఎమ్మారై అవసరమా అని కార్డియాలజిస్టును అడగండి.